చీలమండ నొప్పితో డెల్ఫీ దాకా

ఏథెన్స్‌లో మొదటి రోజే అక్రోపోలిస్ మీద జారాను. జనం నడిచి నడిచి అక్కడి రాళ్ళు అద్దంలా నునుపెక్కాయి. కుడి కాలు లోపలికి మడతపడింది. అక్కడే కూర్చుని తడిమి చూసుకుంటే ఎముక విరగలేదని అర్థమైంది. మెడికల్ కాలేజీలో ముప్పై ఏళ్ళు అనాటమీ చెప్పినదాన్ని, ఆ మాత్రం తెలుస్తుంది. అయినా వాపు పెరుగుతుంటే మా అమ్మాయికి టెన్షన్ పట్టుకుంది. చెయ్యి పట్టుకుని మెల్లగా కొండ దింపి, దగ్గర్లో ఉన్న మందుల షాపుకి తీసుకెళ్ళింది.

కౌంటర్ వెనకున్న ఆవిడ వంగి నా కాలు చూసి, "అస్త్రాగలోస్?" అంది.

నొప్పి సంగతి మరిచిపోయి ఆవిడ మొహంలోకి చూశాను. మేం ఇప్పుడు టేలస్ అని లాటిన్ పేరుతో పిలిచే ఎముకని పాత పుస్తకాల్లో ఆస్ట్రాగలస్ అనేవాళ్ళు. ఒక్క కండరం కూడా అతుక్కోని ఎముక అది. వైవాలో, అంటే నోటి పరీక్షలో, తప్పకుండా అడిగే ప్రశ్న. పిల్లలు బట్టీ పట్టి, పరీక్ష కాగానే మరిచిపోయే మాట. ఈవిడేమో మనం చీలమండ అన్నంత మామూలుగా అనేసింది. ఇన్నేళ్ళు నేను పాఠంలో ఎన్ని మాటల్ని ఇంటిపేరు కూడా అడక్కుండా వాడేశానో అనిపించింది.

ప్రాచీన గ్రీకులకి ఆ మాట కాలి దగ్గరే ఆగలేదు. మేక, గొర్రె వెనక కాలి నుంచి తీసిన ఆ చిన్న ఎముక వాళ్ళ పాచిక. నాలుగు పక్కలకీ నాలుగు విలువలు: 1, 3, 4, 6. మనం గవ్వలు వేసినట్టు వాళ్ళు వీటిని వేసేవాళ్ళు. గుళ్ళ స్తంభాల మీద పూసలూ బిళ్ళలూ వరసగా గుచ్చినట్టు చెక్కే అంచుకి కూడా ఇదే పేరు.

సాయంత్రం మేం దిగిన ఇంటి యజమానురాలు ఐసు ముక్కలు గుడ్డలో కట్టి తెచ్చింది. మా అమ్మాయిని చూపించి, "కోరి?" అని అడిగింది. కూతురా అని. అవునని తలూపాను. కానీ నా చెవికి వినిపించింది వేరే మాట. గ్రీకులో అమ్మాయినీ, కంటిపాపనీ ఒకే మాటతో పిలుస్తారు. పాత గ్రీకులోనూ అంతే, ఈనాటి గ్రీకులోనూ అంతే.

మర్నాడు కాలికి కట్టుతో అక్రోపోలిస్ మ్యూజియంలో కూర్చుని కూర్చుని తిరిగాను. అక్కడ రాతి అమ్మాయిలు బోలెడుమంది, అందరి పేరూ కోరే. వాళ్ళలో ఒకామె క్రీ.పూ. 530 ప్రాంతం నాటిది, బట్టల మీద రంగు ఆనవాళ్ళు ఇంకా ఉన్నాయి. అక్రోపోలిస్ మీది ఎరెక్తియాన్ గుడి పైకప్పుని తల మీద మోసిన ఆడవాళ్ళని మనం కార్యాటిడ్‌లు అంటాం గానీ, ఆ కట్టడం లెక్కల శాసనంలో రాసింది మాత్రం అమ్మాయిలు అనే. ఆరుగురిలో ఐదుగురు ఇక్కడ, ఒకామె లండన్‌లో. ఆ ఖాళీ చోటు చూస్తే నాకు నిజంగా బాధేసింది.

కంటిపాపకి అమ్మాయి పేరెందుకు? ప్లేటో రచనగా చెప్పుకునే ఒక సంభాషణలో సోక్రటీస్ జవాబు చెప్తాడు: ఎదుటివాళ్ళ కంట్లోకి చూస్తే అద్దంలోలా మన రూపమే చిన్నగా కనిపిస్తుంది, అందుకని. సంస్కృతంలో కనీనిక అన్నా చిన్నపిల్లే, కంటిపాపే. మన తెలుగులో పాప సంగతి చెప్పక్కర్లేదు. నేను క్లాసులో ప్యూపిల్ అని రాసి గీత గీసి ముందుకెళ్ళిపోయేదాన్ని. అందులో కూడా లాటిన్ పాపాయి ఉందని ఒక్కసారైనా చెప్పి ఉండాల్సింది.

మూడో రోజు అద్దె కారులో కొరింత్ కాలువ. 1893లో తెరిచారు, పొడవు ఆరు కిలోమీటర్ల పైచిలుకు. వంతెన మీంచి కిందకి చూస్తే నిట్టనిలువు గోడల మధ్య నీలం గీతలా నీళ్ళు. ఇక్కడి సన్నని నేలని గ్రీకులు ఇస్త్‌మోస్ అన్నారు. తలకీ ఛాతీకీ మధ్యనున్న మెడని చెప్పడానికి ప్లేటో వాడింది కూడా ఈ మాటే. థైరాయిడ్ గ్రంథి రెండు భాగాల్నీ కలిపే సన్నని ముక్కని మేం ఇస్త్‌మస్ అంటామని చెప్పాను.

"మరి థైరాయిడ్ అంటే ఏంటమ్మా?" అంది మా అమ్మాయి. రోజూ పరగడుపున ఆ మాత్ర వేసుకునే పిల్ల.

థీరా అంటే తలుపు. గుమ్మానికి అడ్డం పెట్టే రాయిని దాన్నుంచే థీరెయోస్ అన్నారు, తర్వాత తలుపంత పొడుగు డాలునీ అలాగే అన్నారు. గొంతులోని మృదులాస్థి ఆ డాలులా ఉందని దానికి ఆ పేరు. దాని పక్కనున్న గ్రంథికి 1656లో థామస్ వార్టన్ అదే పేరు పెట్టాడు. మన ద్వారం, వాళ్ళ థీరా ఒకే వేరు నుంచి వచ్చిన మాటలే. ఆ సంగతి వినగానే అమ్మాయి గొంతు మీద చెయ్యి పెట్టుకుంది.

నాలుగో రోజు డెల్ఫీ. పర్నాసస్ కొండవాలు, కింద లోయ నిండా ఆలివ్ చెట్లు. గ్రీకుల దేవరాజు జ్యూస్ రెండు గద్దల్ని చెరో దిక్కునుంచి వదిలితే ఇక్కడ కలిశాయట, అందుకే ఇది లోకానికి బొడ్డు, ఓంఫలోస్. బొడ్డు రాయి మ్యూజియంలో ఉంది, ఒంటి నిండా వల అల్లినట్టు చెక్కడం. మన నాభి కూడా ఈ మాటకి చుట్టమే. బండి చక్రానికీ నాభి ఉంటుంది కదా.

ఇక్కడి గుడిలో పూజారిణి నోట వచ్చే దేవవాణి షట్పది ఛందస్సులో పలికేదని అంటారు. మన షట్పదలు కావు, పంక్తికి ఆరు పాదాలు. మనకి పాదమంటే మొత్తం పంక్తి, వాళ్ళకి ఒక గణం. అందులో ముఖ్యమైన గణం పేరు డాక్టిలోస్, అంటే వేలు. చూపుడు వేలు చాపి చూడండి: ఒక పొడుగు కణుపు, రెండు పొట్టివి. గురువు, లఘువు, లఘువు. అచ్చం మన భగణం! అమ్మాయికి గణాలు గుర్తుంచుకునే సూత్రం యమాతారాజభానసలగం చదివి వినిపించి, "భానస" దగ్గర దాని వేలి కణుపులు ముట్టుకుని చూపించాను.

చివరి గదిలో ఒక గాజు పెట్టె దగ్గర నా కాళ్ళు ఆగిపోయాయి. పైన కొండలో కొరికియన్ గుహ ఉంది, అప్సరసలకీ పాన్ దేవుడికీ మొక్కులు చెల్లించిన చోటు. అక్కడి తవ్వకాల్లో 20,000కు పైగా అస్త్రాగలోయి, అంటే ఆ పాచికల ఎముకలే, దొరికాయి. కొన్ని పెట్టెలో ఉన్నాయి. కొన్నిటి పక్కలు అరగదీసి చదును చేశారు, కొన్నిటికి బెజ్జం వేశారు. ఎవరు ఏం కోరుకుని ఒక్కో ఎముకని అక్కడ వదిలారో.

ఎముక చేతికిచ్చి "ఏ వైపుది?" అని అడగడం మా వైవాలో మొదటి పని. అలవాటు ఎక్కడికి పోతుంది? నొప్పి కాలు కాస్త ఎత్తి పట్టుకుని, గాజుకి దగ్గరగా వంగి, అమ్మాయికి ఒక్కొక్కటే చూపిస్తూ వచ్చాను: ఇది కుడి, ఇది ఎడమ, ఇదీ ఎడమే, ఇది కుడి.