నాకు వినపడట్లేదు, నీకు వినపడుతోంది

మా పాపకి స్కిజోఫ్రీనియా (లేని గొంతులు వినపడటం, లేనివి నిజమని నమ్మడం లాంటివి ఉండే మానసిక జబ్బు) అని డాక్టర్లు ఖాయం చేసేటప్పటికి దానికి తొమ్మిదేళ్లు. ఈ మాట ఎవరికి చెప్పినా ముందు అనేది "అంత చిన్నపిల్లకా?" అని. అవును, చాలా అరుదు. మామూలుగా ఇది 18, 20 ఏళ్లు ఆ ప్రాంతంలో మొదలయ్యే జబ్బు, 13 ఏళ్ల లోపు రావడం బాగా తక్కువ, అందుకే పిల్లల డాక్టర్లు ఓ పట్టాన ఆ పేరు పెట్టరు. ఎవరో పిలిచినట్టు వినపడిందని అప్పుడప్పుడు చెప్పే పిల్లలు చాలామందే ఉంటారు, కనపడని స్నేహితుడితో ఆడుకునే పిల్లలూ ఉంటారు, వాళ్లలో ఎక్కువమందికి ఏ జబ్బూ ఉండదు. కాబట్టి ఇది చదివి టెన్షన్ పడకండి.

ఈమధ్య ఒకావిడ ఎవరి ద్వారానో నా నంబరు తెలుసుకుని ఫోన్ చేశారు. "మా బాబు గోడలోంచి ఎవరో తిడుతున్నారంటాడండీ, అప్పుడు నేనేం చెప్పాలి?" అన్నారు. మందుల గురించి కాదు, ఖర్చు గురించి కాదు, బిడ్డ భయంతో మన చెయ్యి పట్టుకున్నప్పుడు నోటితో ఏమనాలి అని. తల్లిదండ్రులందరం ముందు నేర్చుకోవాల్సింది అదేనని నాకు గట్టిగా అనిపిస్తుంది కాబట్టి రాస్తున్నాను.

మా ఇంట్లో ట్యూబ్‌లైటు వెనకాల ఒక ముసలాయన ఉండేవాడు. పాపకి మాత్రమే వినపడేవాడు. అన్నం తినొద్దు, మీ అమ్మ అందులో ఏదో కలిపింది అని చెప్పేవాడట. ఇలాంటప్పుడు ఇంట్లోవాళ్లు రెండు రకాలుగా మాట్లాడతారు. "అక్కడెవరూ లేరు, ఊరికే అలా అనుకుంటున్నావు, తిను" అనేది ఒకటి. అది విన్న బిడ్డకి అర్థమయ్యేది అమ్మ కూడా నన్ను నమ్మట్లేదని, దాంతో మర్నాటి నుంచి చెప్పడం మానేస్తుంది, చెప్పకపోతే మనకి తెలిసే దారే లేదు. ఇంకొందరు ప్రేమకొద్దీ చీపురు తీసుకుని గోడమీద కొట్టి "పో, మా పిల్ల జోలికి రాకు" అంటారు. అప్పుడు పాపకి నిజంగానే అక్కడ ఒక మనిషి ఉన్నట్టు రూఢి అయిపోతుంది, అమ్మ కొట్టింది కదా మరి.

కౌన్సెలింగ్‌లో మేడమ్ మా చేత పలికించి మరీ నేర్పిన మాటలు ఇవి: "నాకు వినపడట్లేదు తల్లీ. నీకు వినపడుతోందని నాకు తెలుసు. భయమేస్తోందా?" అంతే. గొంతు నిజమా కాదా అని వాదన పెట్టుకోకుండా భయం నిజమని ఒప్పుకోవడం. ఆ తర్వాత తప్పకుండా అడగాల్సిన ప్రశ్న ఇంకొకటుంది, "ఏం చెయ్యమంటున్నాడు?" అని. అడగడానికి మనకి గుండె దడదడలాడుతుంది, అయినా అడగాలి. తనని తాను కొట్టుకోమనో, దూకమనో, తమ్ముణ్ణి ఏదన్నా చెయ్యమనో చెబుతున్నాడంటే ఇంక తెల్లారేదాకా ఆగకూడదు, ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్లాలి. అలాంటిదేమీ లేకపోతే మేమిద్దరం గట్టిగా పదమూడో ఎక్కం చదివేవాళ్లం. నోటితో ఏదైనా పైకి అంటుంటే లోపలి గొంతు కాస్త తగ్గుతుందని మేడమ్ చెప్పారు, మా పాప విషయంలో అది పనిచేసింది. పన్నెండు లోపు ఎక్కాలు దానికి బాగా వచ్చు కాబట్టి ఆలోచన అక్కర్లేదు, పదమూడైతే ఆలోచించాలి, ఆ ఎక్కాన్ని ఎంచుకున్నది కూడా పాపే.

అన్నం సంగతి: అందరం ఒకే గిన్నెలోంచి, దాని ఎదురుగానే వడ్డించుకునేవాళ్లం. ఎవరం ఏమీ నిరూపించం, బతిమాలం. మందు పనిచెయ్యడం మొదలయ్యాక ఆ గొడవ దానంతటదే తగ్గింది.

మందు అంటే వెంటనే ఇచ్చేది కాదు. మేం గుంటూరు నుంచి బెంగళూరులో మానసిక, నరాల జబ్బులు చూసే నిమ్హాన్స్ ఆసుపత్రికి వెళ్లాం. మెదడులో వాపు, ఫిట్స్, థైరాయిడ్ లాంటివి కూడా ఇలాగే కనపడొచ్చు కాబట్టి ఈఈజీ (మెదడులోని విద్యుత్ తరంగాల పరీక్ష), ఎమ్మారై స్కాను, రక్తపరీక్షలు అన్నీ చేశారు. ఒంట్లోని రక్షణ శక్తే మెదడు మీదకి తిరగబడే జబ్బు ఒకటుంది, దాన్ని 2007లోనే గుర్తించారు, అదైతే చికిత్స మొత్తం వేరు. అందుకే "ఇన్ని టెస్టులెందుకండీ, డబ్బు గుంజడానికే" అనే మాట దయచేసి పట్టించుకోకండి. పిల్లల వార్డులో పాప పక్కనే నేనున్నాను. అది వాళ్ల దయ అనుకోవక్కర్లేదు, 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మైనర్‌ని పెద్దవాళ్లతో కలిపి ఉంచకూడదు, ఉన్నన్నాళ్లూ సొంతవాళ్లు తోడుండాలి. ఇన్సూరెన్సు కూడా మిగతా జబ్బులకి ఎలా ఇస్తారో దీనికీ అలాగే ఇవ్వాలని ఆ చట్టంలోనే ఉంది.

మాత్రలతో ఆకలి మా చెడ్డగా పెరిగింది. అన్నం తిన్న గంటకే మళ్లీ పెట్టమంటుంది, అది తిండిపోతుతనం కాదు, మందు గుణం. దోసకాయ ముక్కలు, మజ్జిగ, మరమరాలు చేతికందేలా పెడతాను, బరువు, షుగరు, కొలెస్ట్రాల్ డాక్టరు చెప్పినప్పుడల్లా చూపిస్తాం. చుట్టాలింటికెళ్తే "పిల్ల ఒళ్లు చేసిందే" అంటారు. దాని ముందు అనొద్దని మా ఆయన అందరికీ మొహం మీదే చెప్పేశారు.

మా అత్తగారు తాయెత్తు కట్టించారు, మంగళవారం మంగళవారం దిష్టి తీస్తారు. నాకేం అభ్యంతరం లేదు, ఆవిడకి మనవరాలంటే ప్రాణం. "అత్తయ్యా, తాయెత్తు ఉండనివ్వండి, మాత్ర మాత్రం ఒక్క పూట కూడా ఆగకూడదు" అన్నాను, ఇప్పుడు రాత్రి ఎనిమిదింటికి మాత్ర, మంచినీళ్లు పట్టుకుని నిలబడేది ఆవిడే. ఒక దూరపు బంధువు మాత్రం పిల్లని ఎక్కడో దర్గా దగ్గర కొన్నాళ్లు వదిలి రమ్మన్నారు. 2001 ఆగస్టు 6న తమిళనాడులో అలాగే రోగుల్ని వదిలివెళ్లే ఎర్వాడి దర్గా దగ్గర పాకలో నిప్పంటుకున్నప్పుడు గొలుసులతో కట్టేసి ఉన్న మానసిక రోగులు 28 మంది పారిపోలేక కాలిపోయారు. దేవుణ్ణి నమ్మండి, అది వేరు. బిడ్డని వదిలి రావడం మాత్రం మా వల్ల కాదని చెప్పాం.

ఇక "ఎవరి వైపు నుంచి వచ్చింది" అనే ప్రశ్న. 1948లో ఫ్రీడా ఫ్రామ్-రైఖ్‌మన్ అనే పేరున్న డాక్టరే ఈ జబ్బుకి తల్లి పెంపకం కారణమన్నట్టు రాసింది, ఆ మాట మీద ఎంతమంది తల్లులు ఏడ్చి ఉంటారో. ఆ సిద్ధాంతం ఎప్పుడో కొట్టుకుపోయింది. వంశపారంపర్యం కొంత ఉంటుంది, అంటే అది ఒకరి తప్పు అని కాదు. ఈ ప్రశ్న అడిగే బదులు ఒక పూట వచ్చి మా చిన్నాడితో ఆడుకుంటే ఎంత సాయమో.

ఎందుకంటే వాడికి ఐదేళ్లు. అక్క ఒంటరిగా మాట్లాడితే వాడూ భయపడేవాడు. వాడికి కూడా నిజమే చెప్పాం, అక్క మెదడుకి జబ్బు చేసింది, నీకు అంటుకోదు, నీ వల్ల రాలేదు, అక్కకి భయమేస్తే అమ్మని పిలువు, నువ్వు సర్దిచెప్పక్కర్లేదు అని. ఆ చివరి మాట చాలా అవసరం, పిల్లలు బాధ్యత నెత్తిన వేసుకుంటారు.

పాత స్కూల్లో టీసీ తీసుకోమన్నారు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో మానసిక జబ్బు కూడా ఉంది, ఆ కాగితం పట్టుకుని పోట్లాడే ఓపిక అప్పుడు లేక వేరే బడిలో చేర్చాం. అక్కడ టీచరమ్మకి మేడమ్ నేర్పిన ఆ మూడు వాక్యాలూ ("నాకు వినపడట్లేదు..." అనేవి) రాసిచ్చాను. క్లాసులో పాప చెవులు మూసుకుంటే ఆవిడ వచ్చి నెమ్మదిగా అవే అంటారు. మీ బడివాళ్లకి కూడా రాసివ్వండి. రాత్రిపూట ఎవరితోనన్నా మాట్లాడాలనిపిస్తే 14416కి ఫోన్ చెయ్యండి, అది టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైను, డబ్బులేం అడగరు, తెలుగులోనే మాట్లాడతారు, తల్లిదండ్రులు తమ కోసం చేసినా వింటారు.