నక్షత్రం తెచ్చిన తిప్పలు: నాణేల షీట్‌లో వీలుకప్

ఎట్టకేలకు దొరికింది! నాణెం కోడ్ కొడితే అది ఆల్బమ్‌లో ఏ పేజీలో ఉందో వెతికి చెప్పే వీలుకప్ (VLOOKUP) ఫార్ములా తప్పు పేజీ చూపిస్తోంది. నాలుగు రాత్రులు నిద్ర లేకుండా చేసిన ఆ తప్పు ఒక్క గుర్తులో ఉంది.

పోయిన వారం స్ప్రెడ్‌షీట్ సాఫ్ట్‌వేర్‌కి కొత్త వెర్షన్ వేసుకున్నాను. ఆ ఊపులోనే నాణేల ఫైల్‌ని ఎక్సెల్ ఫైల్ రకమైన ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్‌గా సేవ్ చేశాను. శనివారం చార్మినార్ దగ్గర కొన్న 1995 రెండు రూపాయల బిళ్ళని లెన్స్ కింద పెడితే, సంవత్సరం కింద నక్షత్రం ఐదు కొనలతో స్పష్టంగా కనిపించింది. నక్షత్రం అంటే హైదరాబాద్ మింట్ (నాణేలు అచ్చేసే చోటు) గుర్తు. ఆ మింట్ 1997లో చర్లపల్లికి మారకముందు సైఫాబాద్‌లో అచ్చయిన బిళ్ళ! సంబరంగా 2-1995-* అని కోడ్ (విలువ, సంవత్సరం, మింట్ గుర్తు) కొట్టాను. ఆల్బమ్‌లో 11వ పేజీ రావాలి, 3 వచ్చింది. అది డైమండ్ గుర్తుండే బొంబాయి నాణేల పేజీ. ఎర్రర్ వచ్చినా బాగుండేది, అసలు టెన్షన్ అదే: తప్పు జవాబే దర్జాగా వచ్చి కూర్చుంది.

ముందు ఖాళీ స్పేస్ ఉందేమో అనుకున్నాను. అక్షరాలు లెక్కపెట్టే లెన్ వేస్తే నేను కొట్టిన కోడ్‌లో, జాబితాలోని కోడ్‌లో, రెండు చోట్లా 8 అక్షరాలే. రెండు సెల్స్‌నీ సమానం గుర్తుతో పోలిస్తే ట్రూ. సరిపోయే కోడ్‌లు ఎన్నో లెక్కేసే కౌంట్‌ఇఫ్ మాత్రం 5 బదులు 14 చూపించింది, అంటే 1995 రెండు రూపాయలన్నీ లెక్కేసింది. సెట్టింగ్స్‌లో రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్స్ (గుర్తులకి ప్రత్యేక అర్థాలిచ్చి వెతికే పద్ధతి) ఆన్ చేసి చూశాను. ఈసారి కలకత్తా పేజీ! అక్కడే వెలిగింది. కలకత్తా నాణేలకి మింట్ గుర్తు ఉండదు కాబట్టి నా కోడ్ అడ్డగీతతోనే ఆగిపోతుంది. ఆ పద్ధతిలో "-*" అంటే అడ్డగీత ఎన్నిసార్లున్నా సరే అని. నోయిడా మింట్ గుర్తయిన చుక్కలు కూడా చెడిపోయాయి, అక్కడ చుక్క అంటే ఏ అక్షరమైనా ఒకటి.

పాత ఫైల్‌లో ఈ పద్ధతీ, గుర్తులకి వేరే అర్థాలిచ్చే మరో పద్ధతి వైల్డ్‌కార్డూ, రెండూ ఆఫ్‌లో ఉండేవి. నా సాఫ్ట్‌వేర్‌లో ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్ తెరిస్తే వైల్డ్‌కార్డ్ ఆన్ అవుతుంది. అప్పుడు నక్షత్రం అంటే "ఏదైనా", పైనున్న వరస బొంబాయిది, కాబట్టి అదే దొరుకుతోంది. సెట్టింగ్ ఆఫ్ చేసినా, ఫైల్ మళ్ళీ తెరిస్తే మొదటికొస్తుంది. అందుకే వెతికే కోడ్‌ని సబ్‌స్టిట్యూట్ ఫార్ములాతో మార్చి, నక్షత్రం ముందు టిల్డా (~) పెట్టాను, అప్పుడది ఉత్త నక్షత్రమే. 187 హైదరాబాద్ కోడ్‌లూ సరిగ్గా వచ్చాయి.

ఇలాగే వెతికే మరో ఫార్ములా ఎక్స్‌లుకప్ అయితే అడిగితే తప్ప వైల్డ్‌కార్డ్ చూడదు, నా ఓటు ఇకనుంచి దానికే.

వచ్చే ఆదివారం గుర్తులన్నీ తీసేసి హై, బొం, నో, క అని రాస్తాను. డైమండ్ మధ్యలో చుక్క ఉన్న హైదరాబాద్ బిళ్ళలకి ఇంకా కోడ్ లేదు, వాటికి హై2. పీవీసీ కవర్లలో పచ్చగా జిగురు పట్టిన ఆరు బిళ్ళల్ని కూడా అప్పుడే మార్చాలి, ఆ కవర్లు మళ్ళీ కొనను.