అడ్ఢకాశి పంపిన కబురు

బోధగయలోని మహాబోధి ఆలయంలోకి సెల్‌ఫోన్ రానివ్వరు. 2013 జూలైలో అక్కడ బాంబులు పేలాక భద్రత బాగా బిగిసింది. బయట కౌంటర్లో ఫోన్ అప్పగించి, టోకెన్ జేబులో వేసుకుని లోపలికి నడవాలి. అందరికీ మామూలు తతంగమే, మా బృందానికి మాత్రం నవ్వొచ్చింది. మేం ఒకరికొకరు పరిచయమైందే ఆ ఫోన్లలో. లాక్‌డౌన్ రోజుల్లో జూమ్‌లో మొదలైన ధ్యానం మాది. సాయంత్రం కాసేపు మౌనం, తర్వాత ఒక సుత్తం, అంటే బుద్ధుడి ప్రవచనం, చదువుకోవడం. ఎవరి గోడ ఏ రంగో, ఎవరింట్లో కుక్క ఎప్పుడు మొరుగుతుందో తెలుసుగానీ, ఎవరు ఎంత పొడుగో తెలియదు.

బోధివృక్షం చుట్టూ ఒకేసారి నాలుగైదు భాషల్లో పఠనం సాగుతోంది. తెల్లబట్టల శ్రీలంక భక్తులు ఓ పక్క, చెక్కల మీద సాష్టాంగాలు చేస్తున్న టిబెటన్లు మరో పక్క. ఆకు రాలితే చాలు, పెద్దా చిన్నా తేడా లేకుండా పరుగు. మేమూ ఓ మూల కూర్చుని త్రిశరణాలు, అదే మూడేసిసార్లు చెప్పే ‘బుద్ధం శరణం గచ్ఛామి’, మొదలుపెట్టాం. మొదటి వరుసకే గందరగోళం!

కారణం తెలియడానికి ఎంతోసేపు పట్టలేదు. జూమ్‌లో అందరూ కలిసి పఠించడం కుదరదు. గొంతులు ఒకదాని వెనక ఒకటి ఆలస్యంగా వచ్చి గోలైపోతాయి. అందుకే ఒక్కరి మైకు ఉంచి, మిగతావాళ్లం మ్యూట్‌లో పెదవులు కదిపేవాళ్లం. అలా ఇన్నాళ్లూ ఎవరి రాగం వాళ్లు పెంచుకున్నారు. మా బృందంలోని పెద్దాయన మాస్టారు ‘బుద్ధం’ దగ్గరే సాగదీస్తుంటే కుర్రాళ్లు ‘గచ్ఛామి’ దాటేశారు. పక్కన కూర్చున్న థాయ్ ఆవిడ ఓసారి మావైపు చూసి మర్యాదగా కళ్లు మూసుకుంది. రెండోసారి చెప్పే ‘దుతియంపి’కి కొంచెం తగ్గాం. మూడోసారి ‘తతియంపి’ వచ్చేసరికి ఎవరు ఆగారో, ఎవరు పరుగెత్తారో తెలియదు గానీ, అందరి ఊపిరీ ఒకచోటే తెగింది. ఆ యాత్రలో నాకు దక్కిన పుణ్యం, ఉంటే, అదే.

బయటికొచ్చాక ఒక భంతేను (బౌద్ధ భిక్షువును) అడిగాం, “మాదీ సంఘమేనా?” అని. ఆయన వినయపిటకం, అంటే భిక్షువుల నియమాల గ్రంథం, ప్రస్తావన తెచ్చారు. భిక్షువులు సంఘంగా చేసే అధికారిక కార్యం, సంఘకర్మ, ఏదైనా సీమ అనే హద్దు లోపల జరగాలి. అందరూ ఒకరికొకరు చేయి చాచితే అందేంత దగ్గరగా కూర్చోవాలి. పాతిమోక్ఖ (భిక్షువుల నియమావళి) పఠనానికి కనీసం నలుగురు కావాలి. జబ్బుపడి రాలేని భిక్షువు తన సమ్మతిని ఇంకో భిక్షువు చేత చెప్పి పంపాలి. ఈ లెక్కన తెర మీద కనిపిస్తే కూర్చున్నట్టు కాదు. “మీరు గృహస్థులు, ఈ నియమం మీకు లేదు” అంటూనే, “కానీ ఎందుకు పెట్టారో ఆలోచించండి” అన్నారు.

బోధగయలోనే ధమ్మబోధి అనే విపస్సన ధ్యాన కేంద్రం ఉంది. ఆ ధ్యానం నేర్పిన గురువు గోయెంకా 2013లో పోయినా, శిబిరాలు నేటికీ ఆయన రికార్డు గొంతుతోనే నడుస్తాయి. ఆ రికార్డు వినడానికి మాత్రం పది రోజులు ఫోన్ అప్పగించి, నలుగురితో ఒక హాల్లో కూర్చోవాల్సిందే. యంత్రాన్ని అక్కడిదాకానే రానిచ్చిన ఆ పద్ధతి నాకు నచ్చింది.

అక్కణ్ణించి కాశీ దగ్గరి సారనాథ్ వెళ్లాం. జ్ఞానోదయం తర్వాత బుద్ధుడు అయిదుగురు పాత సహచరుల కోసం రెండు వందల కిలోమీటర్లకు పైగా నడిచిన దారి అది. ధమేక్ స్తూపం నీడలో కూర్చున్నప్పుడు మాస్టారు అడ్ఢకాశి కథ ఎత్తారు. వినయపిటకంలోని చుల్లవగ్గలో ఉంది. ఈ కాశీ ప్రాంతపు గణికే ఆమె. భిక్షుణుల దగ్గర దీక్ష తీసుకుంది. మిగతా ఉపసంపద, అంటే పూర్తి దీక్ష, బుద్ధుడి సమక్షంలో పొందాలని శ్రావస్తికి బయల్దేరబోతే, ధూర్తులు దారి కాశారని తెలిసింది. ‘ఏం చేయను?’ అని కబురు పంపింది. దూత ద్వారా ఉపసంపద ఇవ్వవచ్చని బుద్ధుడు అనుమతించాడు. అయితే ఎవరు పడితే వారు దూత కాకూడదు, సమర్థురాలైన భిక్షుణే సంఘం ముందు నిలబడి ఆమె తరఫున అడగాలి.

మా అందరికీ ఒకావిడే గుర్తొచ్చింది. మంచాన పడ్డ అత్తగారిని వదిలి గడప దాటలేక, యాత్రకూ రాలేకపోయింది. రోజూ అందరికంటే ముందు జూమ్‌లోకి వచ్చేది ఆవిడే. ఆవిడకు ఆ తెర అడ్ఢకాశి దూత లాంటిదే. దారిలో ఏ ధూర్తులూ లేని మిగతావాళ్ల సంగతేమిటి? కాళ్లు, తీరిక, ఊళ్లోనే తోటి సాధకులు, అన్నీ ఉన్నాయి. సౌకర్యానికీ అవసరానికీ ఒకే అనుమతి వాడుకుంటున్నాం అనిపించింది.

జూమ్ మానేద్దామని మాస్టారు. ఆవిడ ఒంటరైపోతుందని కుర్రాళ్లు. చివరికి సాయంత్రాలు యథాతథం అనుకున్నాం. పౌర్ణమికి మాత్రం ఒకే ఊళ్లో ఉన్నవాళ్లు ఒకరింట్లో చేరి, ఒకే లాప్‌టాప్ ముందు కూర్చోవాలి. ఆవిడ ఊళ్లో ఉన్న ఇద్దరూ ఆవిడ ఇంటికే వెళ్లాలి. వచ్చే పౌర్ణమికి ఎవరిల్లు అన్న వాదన మాత్రం రైలెక్కాక కూడా తేలలేదు. అందరిళ్లూ ఇరుకేనట!