పాత లాండ్ క్రూజర్ పక్కద్దాలు బిగుసుకుంటే

అమలాపురం, రాజోలు వైపు నుంచి గల్ఫ్ వెళ్లి సనాయా (పారిశ్రామిక వాడ) గ్యారేజీల్లో చేరే కుర్రాళ్ల చేతికి ఈ పని తరచూ వస్తుంది. 1984లో మొదలైన 70 సిరీస్ లాండ్ క్రూజర్, వెనక పొడవాటి పక్కద్దాలు. జరపబోతే జరగవు. అర్బాబు (యజమాని) అద్దమే మార్చేయమంటాడు. తొందరపడొద్దు. చాలాసార్లు అద్దానికి ఏమీ కాదు, జబ్బంతా అది జరిగే ఛానెల్లోనే ఉంటుంది.

సన్నిసుక ఛానెల్ లోపల అద్దానికి ఆనుకునే మెత్తటి పట్టీ అయిన ఫెల్ట్‌లో దిగబడిపోతుంది. ఎవరో ఒకరు గ్రీజో, ఇంజనాయిలో పూస్తారు. నాలుగు రోజులు బాగానే జరుగుతుంది. ఆ తర్వాత జిడ్డుకి ఇసుక పట్టి గరుకు ముద్దయి అద్దాన్ని గీకేస్తుంది, నూనెకి రబ్బరు ఉబ్బుతుంది. కాబట్టి ఇక్కడ నూనె మాటే ఎత్తకండి.

ముందే నీళ్లు కొట్టినా తప్పే, ఇసుక బురదవుతుంది. పొడి బ్రష్షుతో కదిపి వాక్యూమ్‌తో లాగేయండి. తర్వాత కింది ఛానెల్లో నీళ్లు పోయే బెజ్జాలు వెతికి సన్న తీగతో పొడవండి. గ్లాసుడు నీళ్లు నెమ్మదిగా పోస్తే బండి బయటికి కారాలి. లోపలికి కారాయంటే ఫ్రేమ్ విప్పాల్సిందే.

ఫ్రేమ్ విప్పడానికి ఇద్దరుండాలి. లోపలున్న మనిషి రబ్బరు అంచుని ప్లాస్టిక్ పట్టీతో లేపుతూ ఒక మూల నుంచి బయటికి నెడతాడు, బయటి మనిషి పట్టుకుంటాడు. స్క్రూడ్రైవర్ పెడితే రబ్బరు చీరుకుపోతుంది. తిరిగి ఎక్కించేటప్పుడు రబ్బరు గాడిలో 4 మిల్లీమీటర్ల నైలాన్ తాడు చుట్టూ పెట్టి, రెండు కొసలూ కింద మధ్యలో ఒకదాన్నొకటి దాటేలా లోపలికి వదలండి. సబ్బునీళ్లు రాయండి. బయట ఒకరు అరచేత్తో నొక్కుతుంటే లోపల ఒకరు తాడు లాగాలి, రబ్బరు అంచు దానంతటదే రేకు మీదికి ఎక్కుతుంది.

ఫెల్ట్ కొనడానికి పాతది వేలెడు ముక్క కోసి పట్టుకెళ్లండి. ఛానెల్ వెడల్పు, లోతు, అద్దం మందం మూడూ రాసుకోండి. మీటరు పొడవు, అరమీటరు ఎత్తు కిటికీకి చుట్టూ 3 మీటర్లు, కోతలకి ఇంకో 20 సెంటీమీటర్లు. కింది ముక్కకి అతుకు ఉండకూడదు. బెజ్జాలున్నచోట ఫెల్ట్‌కి కూడా గాటు పెట్టాలి. ఇది మర్చిపోతే తోడిన బెజ్జాలు మళ్లీ మూసుకున్నట్టే, మొదటి వానకే సీటు తడుస్తుంది. కొత్త ఫెల్ట్ బిగుతుగా ఉండటం మామూలే. పొడి సిలికాన్ స్ప్రే కొట్టి పదీ ఇరవైసార్లు జరిపితే దారికొస్తుంది.

అద్దమే పగిలితే తుక్కు యార్డులో సరిగ్గా అదే కొలతది వెతకాలి. గట్టిపరిచిన అద్దాన్ని కోయబోతే మొత్తం పొడిపొడైపోతుంది.

ఇదే పని మనూళ్లో పాత జీపుకి చేస్తే కథ వేరు. అంతర్వేది, ఓడలరేవు వైపు ఇసుక కంటే ఉప్పుగాలితోనే తంటా. తడిసిన ఫెల్ట్ ఆరదు, దాని అడుగున ఇనప ఛానెల్ తుప్పు పడుతుంది. తుప్పు పొంగి అద్దాన్ని రెండువైపులా నొక్కేస్తుంది. బలవంతంగా లాగితే ముందు ఊడేది పిడి. తుప్పు మీదే కొత్త ఫెల్ట్ అంటించడం డబ్బు దండగ. వైర్ బ్రష్షుతో ఇనుము తేలేదాకా గీకి, బెజ్జాల అంచులతో సహా జింక్ ప్రైమర్ రెండు పూతలు వేసి, పూర్తిగా ఆరాకే ఫెల్ట్ పెట్టండి. ముసురు పట్టిన రోజుల్లో ప్రైమర్ జోలికెళ్లకండి, కింద తేమ ఉండిపోతే పొరగా లేచొస్తుంది.

సెలవుకొచ్చేటప్పుడు చాలామంది అక్కడి నుంచే ఫెల్ట్, రబ్బరు తెచ్చుకుంటారు. ముందు ఇంట్లోవాళ్లతో జీపు ఛానెల్ కొలతలు తీయించి తెప్పించుకోండి. సూట్‌కేసులో మడత పెట్టొద్దు, వెడల్పాటి చుట్టగా చుట్టి బట్టల పైన పెట్టండి. మడతపడిన చోట రబ్బరు నొక్కుకుపోతే ఆ నొక్కు దగ్గరే నీళ్లు దిగుతాయి.