జాబితాలో నేను హిల్లరీ మనిషిని

ఇది 2016 ఆగస్టు. ఫిలడెల్ఫియాలో డెమొక్రాట్ల మహాసభ ముగిసి పది రోజులైంది. మా ఇంట్లో మాత్రం ఇంకా ముగియలేదు. అధ్యక్ష పదవికి పార్టీ అభ్యర్థిగా ఎవరుండాలంటే, మా ఆవిడ మొదటినుంచీ హిల్లరీ క్లింటన్, నేను బెర్నీ శాండర్స్. ఉండేది వాషింగ్టన్ రాష్ట్రంలో, సియాటెల్‌కి తూర్పున, వీధికి నలుగురు తెలుగువాళ్ళుండే చోట. ఇద్దరం కిందటేడే సిటిజన్‌షిప్ తీసుకున్నాం. కాకస్ అంటే ఏంటి, ఎంతసేపు పడుతుంది అని స్నేహితులు అడుగుతున్నారు కాబట్టి రాస్తున్నాను. కాకస్ అంటే, పార్టీ అభ్యర్థిగా ఎవరు కావాలో మనుషులు ఒకచోట చేరి తేల్చుకునే సభ. ఎంతసేపంటే, మీ పేరు ఎవరు టైపు చేశారన్నదాన్ని బట్టి ఉంటుంది.

ఓటరుగా నమోదవడం పది నిమిషాల పని. ఇంట్లో కూర్చుని చేసుకోవచ్చు.

మొదటి మెట్టు మార్చి 26, శనివారం పొద్దున. దగ్గర్లోని స్కూల్లో భోజనాల హాలు. ‘నేను డెమొక్రాట్‌ని’ అని ఒక కాగితం మీద సంతకం పెట్టి, పక్కన ఎవరి వైపో రాయాలి. రహస్యమేమీ లేదు, ఎవరెటో అందరికీ కనిపిస్తుంది. మా ఆవిడ అటు బల్ల దగ్గర, నేను ఇటు. మనిషికొక నిమిషం మాట్లాడనిస్తారు. నేను కాలేజీ అప్పుల గురించి మాట్లాడాను. ఎటూ తేల్చుకోని ఒక కుర్రాడు లేచి మా బల్లకి వచ్చాడు. గొప్ప కోసం చెప్పట్లేదు, ఆ రోజు మా హాల్లో ఎటూ తేల్చుకోనివాళ్ళలో కదిలినవాడు అతనొక్కడే. మా వార్డుకి ఐదుగురు డెలిగేట్లు, అంటే పై సభకి వెళ్ళే ప్రతినిధులు. నలుగురు బెర్నీకి, ఒకరు హిల్లరీకి. నాలుగోవాడిగా నేను చెయ్యెత్తాను. హిల్లరీ బల్ల దగ్గర మిగతావాళ్ళు తలా ఒక సాకు చెప్తే, మా ఆవిడ మిగిలింది. ఒకే ఇంట్లోంచి రెండు వైపులా ఇద్దరం. కార్లో నవ్వుకుంటూ వచ్చాం. ఆ రోజు రాష్ట్రం మొత్తం మీద నూటికి 73 మంది బెర్నీ వైపు నిలిచారు.

రెండో మెట్టు ఏప్రిల్ 17, ఆదివారం. జిల్లా స్థాయి కాకస్. ఇక్కడ గెలిస్తే పైమెట్టు, జూన్‌లో టకోమాలో రాష్ట్ర సభ, ఇంకా అదృష్టముంటే ఫిలడెల్ఫియా. నేను ఫిలడెల్ఫియాకి విమానం టికెట్ ఎంతో కూడా చూసి పెట్టుకున్నాను, ఇప్పుడు ఒప్పుకోవడానికి సిగ్గేంటి.

తొమ్మిదిన్నరకి ఒక హైస్కూల్ జిమ్ ముందు క్యూ. మా ఆవిడకి రెండు నిమిషాల్లో బ్యాడ్జి మెడలో పడింది. నా వంతు వచ్చింది. బెర్నీ జాబితా చూస్తున్న పెద్దావిడ వేలుతో పైనుంచి కిందికి జరిపింది. లేదు. మా ఇంటిపేరు ఇంగ్లీషులో పదకొండు అక్షరాలు. దాని కింద లేకపోతే నా పేరు కింద చూడమన్నాను. లేదు. మధ్య పేరు కింద? అదీ లేదు. వెనకాల క్యూ పెరుగుతోంది. ఆవిడ గొంతు తగ్గించి, చాలా మర్యాదగా, ‘మీరు సిటిజనేనా?’ అంది.

నా ముందు ముప్ఫై మందిని చూసింది. ఒక్కరినీ అడగలేదు.

అవునన్నాను. ఇంతలో మా ఆవిడ వెనక్కొచ్చి, అవతలి బల్ల మీద తలకిందులుగా కనిపిస్తున్న జాబితాలో ఏదో చూసి, ‘ఏమండీ, ఇటు రండి’ అంది. నేను హిల్లరీ జాబితాలో ఉన్నాను. మా ఆవిడ పేరు కింది వరసలోనే. ఇంటిపేరు ఒకటే, చిరునామా ఒకటే, కాబట్టి మొగుడూపెళ్ళాలు ఒకే వైపుంటారని టైపు చేసినవాళ్ళు తీర్మానించేశారన్నమాట.

ఇది చెప్పగానే విషయం తేలిపోతుందనుకున్నాను. అసలు కథ అక్కడే మొదలైంది. మావాళ్ళే, అంటే బెర్నీవాళ్ళే, నలుగురు చుట్టూ చేరారు. అవతలివాళ్ళు తమ మనుషుల్ని మన లెక్కలోకి దూరుస్తున్నారని ఆ వారం అంతా పుకార్లు. గడ్డం కుర్రాడొకడు, మా అబ్బాయికంటే ఓ పదేళ్ళు పెద్దవాడేమో, ‘బెర్నీని ఎప్పటినుంచి సమర్థిస్తున్నారు?’ అని అడిగాడు. ఇంటర్వ్యూలో అడిగినట్టు! నేను ఫోన్ తీసి ఈమెయిల్ వెతికి, నవంబర్లో కట్టిన 27 డాలర్ల రసీదు చూపించాను. ఆ అంకె బెర్నీ సభల్లో తారకమంత్రం లాంటిది, సగటు విరాళం అంతేనని ఆయన ప్రతి ఉపన్యాసంలో చెప్పేవాడు. గుంటూరులో రేషన్ కార్డు చూపించినట్టు, జిమ్ మధ్యలో నిలబడి భక్తికి రసీదు చూపించాను. ఆ పిల్లాడు దాన్ని జూమ్ చేసి మరీ చూశాడు.

రసీదు చెల్లదన్నారు. మార్చి 26న నేను సంతకం పెట్టిన అసలు కాగితం దొరకాలన్నారు. అది ఏదో అట్టపెట్టెలో ఉందట, ఆ పెట్టె ఎవరి కార్లోనో ఉందట. అప్పటిదాకా గ్యాలరీ మెట్ల మీద కూర్చోమన్నారు. తిండి ఏర్పాటు లేదు. మా ఆవిడ పెట్టుకొచ్చిన పెరుగన్నం డబ్బా, హిల్లరీవాళ్ళ మధ్యలోంచి లేచి వచ్చి నాకిచ్చి, మళ్ళీ వెళ్ళి తనవాళ్ళ మధ్య కూర్చుంది. అది తింటుంటే కూడా ఇద్దరు గుసగుసలాడుకున్నారు.

రెండున్నరకి పెట్టె వచ్చింది. నా సంతకం, పక్కన నా చేత్తో రాసిన ‘శాండర్స్’. బ్యాడ్జి ఇచ్చారు. అప్పటికి పైమెట్టుకి పోటీ చేసేవాళ్ళ ప్రసంగాలు అయిపోయాయి. ‘సారీ, నామినేషన్లు ముగిశాయి’ అన్నారు. నేను ఓటేసింది ఎవరికో తెలుసా? ఆ గడ్డం కుర్రాడికి. మిగతావాళ్ళ పేర్లు తెలియవు మరి.

కాబట్టి వెళ్ళేవాళ్ళకి నా సలహా: మొదటి రోజు సంతకం పెట్టిన కాగితాన్ని ఫోటో తీసుకోండి. ఇంటిపేరు ఏ గడిలో రాశారో గుర్తుపెట్టుకోండి. పెరుగన్నం తప్పనిసరి. పార్టీ వాలంటీర్లంతా మంచివాళ్ళే అంటారు, అనుకోండి.

తర్వాతవన్నీ టీవీలో చూసినవే. మా రాష్ట్రంలో 101 మంది ఎన్నికైన డెలిగేట్లలో 74 మంది బెర్నీవాళ్ళు. సూపర్ డెలిగేట్లు, అంటే కాకస్‌లతో పని లేకుండా ఇష్టమొచ్చినవాళ్ళకి ఓటేసే పార్టీ పెద్దలు, మాత్రం ఎక్కువమంది హిల్లరీ వైపే. ఇది ఫోన్లో నాన్నకి చెప్తే, ‘అంటే ఓట్లు పడకపోయినా ఇష్టం వచ్చినవాళ్ళకి చెయ్యెత్తొచ్చన్నమాట. మరి హోటల్లో పెట్టలేదంట్రా వాళ్ళని?’ అన్నారు. 1995 ఆగస్టులో వైస్రాయ్ హోటల్ ముందు జరిగింది చూసిన తరం కదా, ఆయనకి సూపర్ డెలిగేట్ అంటే ఒక్క ముక్కలో అర్థమైపోయింది.

అయితే నిజం చెప్పాలంటే మా వాట్సాప్ గ్రూపులో కొందరన్నట్టు మొత్తం దొంగలెక్కా కాదు. సూపర్ డెలిగేట్లని పక్కనపెట్టినా దేశం మొత్తం మీద డెలిగేట్లు హిల్లరీకి 2,205, బెర్నీకి 1,846. పైగా మే 24న మా రాష్ట్రంలోనే పోస్టులో ప్రైమరీ జరిగింది. డెలిగేట్ల లెక్కలోకి రాని ఓటింగ్ అది. కాకస్‌కి వచ్చింది సుమారు 2 లక్షల 30 వేలమంది అయితే, దీనికి 8 లక్షలమంది ఓటేశారు, హిల్లరీ గెలిచింది. ‘ఆదివారం పూట ఐదు గంటలు జిమ్‌లో కూర్చోగలిగినవాళ్ళదే ఓటా? నైట్ డ్యూటీ నర్సు సంగతేంటి?’ అంది మా ఆవిడ. జవాబు లేదు నా దగ్గర. మెట్ల మీద కూర్చున్నవాణ్ణి నేనే కదా.

జులై 12న బెర్నీ న్యూ హాంప్‌షైర్‌లో హిల్లరీ పక్కన నిలబడి మద్దతిచ్చాడు. పది రోజులకి పార్టీ ఆఫీసువాళ్ళు బెర్నీకి వ్యతిరేకంగా రాసుకున్న ఈమెయిళ్ళు బయటపడ్డాయి, పార్టీ అధ్యక్షురాలు డెబ్బీ వాసర్మన్ షుల్ట్జ్ దిగిపోతానని ప్రకటించింది. ఆ వారం నేనూ ‘బెర్నీ లేకపోతే ఎవరూ వద్దు’ గుంపులోనే ఉన్నాను. 26న మహాసభలో రాష్ట్రాలవారీగా ఓట్లు చెప్తుంటే, తన రాష్ట్రం వెర్మాంట్ వంతు చివర్లో పెట్టుకుని, హిల్లరీనే అభ్యర్థిగా ప్రకటించమని బెర్నీ స్వయంగా అడిగాడు. మావాళ్ళు చాలామంది లేచి బయటికి వెళ్ళిపోయారు. నేను సోఫాలోంచి లేవలేదు. మా ఆవిడ కాఫీ తెచ్చి, ‘2008లో ఒబామా కోసం ఈవిడా ఇదే చేసింది, గుర్తుందా? ఆ రాత్రి నేను అన్నం తినలేదు’ అంది. గుర్తులేదు. అప్పుడు మేం హెచ్‌1 మీద ఉన్నాం, నేను ఆఫీసులో ఉండుంటాను. ఎనిమిదేళ్ళ తర్వాత తెలిసింది నాకు.

నిన్న సాయంత్రం ఫోనొచ్చింది. స్థానిక పార్టీ ఆఫీసు నుంచి, కుర్ర గొంతు. నా పేరు మూడు రకాలుగా పలికి, ‘మొదటినుంచీ హిల్లరీతో నిలబడ్డ మీలాంటి డెలిగేట్లు మాకు కావాలి’ అన్నాడు. ఆ జాబితా ఇంకా దిద్దలేదు! పనేంటంటే, అలిగి కూర్చున్న బెర్నీవాళ్ళకి ఫోన్లు చేసి నచ్చజెప్పడం. స్పీకర్లో ఉంది, మా ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

ఆదివారం రెండింటికి వస్తానన్నాను. నా పేరు మాత్రం అక్షరం అక్షరం చదివించుకున్నాకే ఫోన్ పెట్టాను.