స్టేటస్ కో వచ్చిందంటే గెలిచినట్టు కాదు

ఒడిశాలోని బరంపురం కోర్టులో ప్రాక్టీసు చేసే నాకు ఇచ్ఛాపురం వైపు నుంచి వచ్చే కక్షిదారులే ఎక్కువ. ఇక్కడి భూమి కాగితాలు ఒడియాలో ఉంటాయి, ఉత్తర్వులు ఇంగ్లీషులో వస్తాయి, వాటి మంచిచెడ్డలు అనుభవించే మనిషి మాత్రం తెలుగువాడు.

కొన్నేళ్ల కిందట ఒక స్థలం తగాదాలో ఉభయులూ యథాతథ స్థితిని (స్టేటస్ కో) కాపాడాలని, అంటే స్థలాన్ని ఉన్నది ఉన్నట్టే ఉంచాలని ఉత్తర్వు వచ్చింది. నేను దాన్ని ఫోటో తీసి వాట్సాప్‌లో పంపి, కింద ‘మనకు స్టేటస్ కో వచ్చింది’ అని రాసి, ఇంకో కోర్టు హాలుకు పరుగెత్తాను. ఆ పెద్దాయనకు ‘మనకు వచ్చింది’ అన్న రెండు మాటలే తలకెక్కాయి. మూడోనాడు స్థలం చుట్టూ రాతి స్తంభాలు పాతించి, ముళ్లకంచె కట్టించి, ‘మీ దయ వల్ల పని అయిపోయింది బాబూ’ అని సంతోషంగా ఫోన్ చేశారు. ఇటువంటి ఉత్తర్వును ఉల్లంఘిస్తే, సివిల్ ప్రొసీజర్ కోడ్ 39వ ఆర్డరు 2ఎ రూలు కింద ఆస్తి జప్తుతో పాటు 3 నెలల దాకా సివిల్ జైలు కూడా పడవచ్చు. ఎదుటి పక్షం పిటిషను వేయకముందే కంచె పీకించాము. ఆ కూలి డబ్బులు నేనే ఇచ్చాను, ఎందుకంటే తప్పు నాది.

అప్పటినుంచి వాయిదా అయిన వెంటనే, డైరీలో తేదీ వేసుకుని, కోర్టు వరండాలోనే నిలబడి తెలుగులో ఒక నిమిషం వాయిస్ మెసేజ్ పెడుతున్నాను: ఇవాళ ఏం జరిగింది, మీరు ఏం చేయకూడదు, వచ్చే వాయిదాకు ఏ కాగితం తేవాలి. ‘అర్థమైందా’ అని అడగడం మానేశాను, దానికి అందరూ ‘అయింది’ అనే అంటారు. ‘ఇంటికి వెళ్లి మీవాళ్లకు ఏమని చెబుతారు?’ అని అడిగితే, నేను చెప్పినదాంట్లో ఎంత చేరిందో, ఎంత జారిపోయిందో అప్పటికప్పుడే బయటపడుతుంది. ఆ సందేశం కుటుంబ గ్రూపుల్లోకి పంపవద్దని కూడా హెచ్చరిస్తాను. వకీలు, కక్షిదారు మాట్లాడుకున్నది గోప్యమని చట్టం చెబుతున్నా, పాలివాళ్లున్న గ్రూపుకు ఆ సంగతి పట్టదు.

దీనివల్ల నాకు దక్కింది సాయంత్రాలు. ‘కేసు ఏమైంది బాబూ’ అనే ఫోన్లు చాలావరకు తగ్గాయి. ప్రతి ఫైలు అట్ట మీద ఆ కేసును గుర్తించే 16 అక్షరాంకెల సీఎన్ఆర్ నంబరు పెద్దగా రాసి, ఈకోర్ట్స్ యాప్‌లో వాయిదా తేదీ చూసుకోవడం కక్షిదారు ఇంట్లోని కాలేజీ పిల్లలకు నేర్పడంతో మిగిలినవీ తగ్గాయి. గుమాస్తాకూ ఊపిరి ఆడింది.

ఇక ప్రచారం సంగతి. బార్ కౌన్సిల్ 36వ నియమం ప్రకారం వకీళ్లమైన మనం ప్రకటనలు ఇవ్వకూడదు, కేసులు అడుక్కోకూడదు, నడుపుతున్న కేసు గురించి పత్రికల్లో ఫోటో వేయించుకోకూడదు. 2008 సవరణ వెబ్‌సైటుకు అనుమతి ఇచ్చింది కానీ, అందులో పేరు, చిరునామా, ఫోను, నమోదు వివరాలు, చదువు, ఏ రకం కేసులు చూస్తామన్నది వంటివే ఉండాలి. అయినా గెలిచిన కేసులను నల్లకోటు ఫోటోతో వాట్సాప్ స్టేటస్‌లో పెట్టే యువ మిత్రులు కొందరున్నారు. నియమం మాట అటుంచితే, ఓడినవాడు కూడా ఈ ఊరివాడేనని వాళ్లకు ఎందుకు తోచదో నాకు తెలియదు.

నాకు తెలిసిన ప్రచారం వేరు. ఒకసారి ఇచ్ఛాపురం జీడిపప్పు వ్యాపారి ఒకాయన బౌన్సయిన చెక్కు పట్టుకొచ్చారు. చెక్కు ఇచ్చినవాడు బరంపురం మనిషి కనుక కేసు ఇక్కడే వేయాలనుకున్నారు. ఆయన ఆ చెక్కును ఇచ్ఛాపురంలోని తన ఖాతాలో వేశారు కనుక, చెక్కుల చట్టానికి వచ్చిన 2015 సవరణ ప్రకారం ఆ బ్యాంకు శాఖ ఏ కోర్టు పరిధిలో ఉందో అక్కడే ఫిర్యాదు చేయాలని చెప్పాను. బ్యాంకు సమాచారం అందిన 30 రోజుల్లో నోటీసు, అది అందాక ఎదుటివాడికి 15 రోజుల గడువు, ఆపైన నెలలోగా ఫిర్యాదు అని ఆయన తెచ్చిన కవరు వెనకే తేదీలతో సహా తెలుగులో రాసిచ్చి, అక్కడి వకీలు దగ్గరికి పంపేశాను. ఫీజు తీసుకోలేదు. రెండేళ్ల తరువాత ఆయన బావమరిది బరంపురంలోని ఇంటి వాటాల దావాతో నా ఆఫీసుకు వచ్చారు. ఆ కవరు ఇప్పటికీ బావగారి బీరువాలో ఉందట.