మా పాత 800లో వచ్చిపోయే కరెంటు

మా ఇంట్లో 1997 నాటి మారుతి 800 ఉంది. నాన్నగారు 2004లో దాన్ని సెకండ్ హ్యాండులో కొన్నారు. అన్నవరం తీసుకెళ్లి తొలి పావంచాల దగ్గర పూజ చేయించిన రోజు నుంచి ఇవాళ్టి దాకా అది కాకినాడలో మా వాకిట్లోనే ఉంటోంది. 796 సీసీ, మూడు సిలిండర్లు, కార్బ్యురేటరు బండి. ఇంజను ఇప్పటికీ ఒక్క తిప్పుకే అందుకుంటుంది. అలాంటి బండిని నమ్మి నిరుడు వానాకాలం నుంచి ఐదు నెలల పాటు ఊరు దాటలేకపోయాం. నడుస్తూ నడుస్తూ ఉండగా మొత్తం కరెంటు పోయేది, కాసేపటికి దానంతట అదే తిరిగి వచ్చేది.

మొదటిసారి జరిగింది రాత్రిపూట, గొల్లప్రోలు దాటాక. హెడ్‌లైట్లు, డ్యాష్‌బోర్డు దీపాలు, బ్లోయరు, ఇంజను అన్నీ ఒకే క్షణంలో ఆగిపోయాయి. ఉన్న వేగంతోనే బండిని రోడ్డు అంచుకు తెచ్చి ఆపి కీ తిప్పితే ఎర్ర దీపం వెలగలేదు, స్టార్టరు దగ్గర టిక్కుమన్న చప్పుడు కూడా రాలేదు. దారిన పోయే ఇద్దరు కుర్రాళ్లు ఆగి, అమ్మ వెనక సీట్లో ఉండగానే బండిని చాలా దూరం తోశారు కానీ ఇంజను అందుకోలేదు. పది నిమిషాల తర్వాత బానెట్టు ఎత్తి బ్యాటరీ టెర్మినల్‌ను కదిపితే దీపాలు వచ్చాయి. ఏమీ జరగనట్టే ఇల్లు చేరాం.

ఆ రాత్రి కనిపించినవాటిలోనే సగం జవాబు ఉంది. బ్యాటరీ నీరసించిన బండిలో కీ తిప్పినప్పుడు దీపాలు మసకబారతాయి, స్టార్టరు టిక్ టిక్ మంటుంది, తోస్తే సాధారణంగా ఇంజను అందుకుంటుంది. మా బండిలో ఈ మూడింటిలో ఒక్కటీ జరగలేదు. కనుక బ్యాటరీలో కరెంటు లేకపోవడం కాదు, ఉన్న కరెంటు లోపలికి చేరకపోవడమే అసలు సంగతి. పైగా మా కారులో హెడ్‌లైట్లకూ హారనుకూ కీతో పని లేదు. ఇగ్నిషన్ కాయిలూ బ్లోయరూ మాత్రం కీ గుండా వెళతాయి. ఈ రెండు తెగలూ ఒకేసారి పోతే, అవి విడిపోయే చోటుకు ముందే ఎక్కడో దారి తెగుతోందని అర్థం.

కానీ అంత ఆలోచన అప్పుడు ఎవరమూ చేయలేదు. ఒక మెకానిక్ బ్యాటరీ మార్చమన్నారు, మార్చాం. మరొకరు బ్యాటరీని ఛార్జి చేసే ఆల్టర్నేటరు విప్పి కార్బన్ బ్రష్‌లు వేశారు. మూడో ఆయన ఇగ్నిషన్ స్విచ్చు కొత్తది బిగించారు. మార్చిన ప్రతిసారీ వారం పది రోజులు బండి బాగానే నడిచేది, మేమూ రోగం కుదిరిందనే అనుకునేవాళ్లం. వచ్చిపోయే లోపంతో ఉన్న చిక్కు ఇదే. అది తనంతట తాను తగ్గినప్పుడల్లా, చివరగా మార్చిన సామానుకు ఆ పేరు దక్కుతుంది. మూడు మరమ్మతులకు కలిపి తొమ్మిది వేల పైచిలుకు ఖర్చయింది, మార్చిన వాటిలో ఒక్కటీ చెడిపోయినది కాదు.

మా మేనమామ టెలిఫోన్ శాఖలో లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యారు. వానాకాలంలో గరగరలాడే లైన్లను వెతకడంలోనే ఆయన జీవితం గడిచింది. సంగతి విని, "ఒరే, ముందు సామాన్లు మార్చడం ఆపి పుస్తకం పెట్టు. పోయినప్పుడల్లా ఏమేం ఆన్‌లో ఉన్నాయో, బండి ఎంతసేపు నడిచిందో, వాన పడుతోందో లేదో రాయి. రాయకపోతే వాడు చెప్పిందీ వీడు చెప్పిందీ వింటూ కూర్చుంటావు" అన్నారు. ఆరు వారాలు రాశాను. ఏడుసార్లు పోయింది; అందులో ఆరుసార్లు రాత్రిపూట, హెడ్‌లైట్లూ బ్లోయరూ వేసి అరగంటకు పైగా నడిపాకే. పొద్దున చల్లటి బండి ఒక్కసారి కూడా ఆగలేదు. తడికీ దీనికీ సంబంధం కనిపించలేదు. కరెంటు లోడు ఎక్కువై, వేడెక్కితే తెగుతోంది, చల్లారితే అతుక్కుంటోంది.

తర్వాత ఆయన చెప్పిన ఉపాయం నాకు ఇప్పటికీ అపురూపంగా తోస్తుంది. పన్నెండు వోల్టుల పార్కింగు బల్బు ఒకటి తీసుకుని, దాని ఒక కొసను బ్యాటరీ పాజిటివ్ పోస్టుకు, రెండో కొసను డ్యాష్‌బోర్డు కింది ఫ్యూజు బాక్సులోకి కరెంటు వచ్చే చోటికి కలిపాం. బ్యాటరీ వైపు కొసలో 2 ఆంపియర్ల చిన్న ఫ్యూజు పెట్టాం. అది లేకుండా ఆ తీగ లాగడం ప్రమాదం. దారి బాగున్నంత సేపూ బల్బు రెండు కొసల్లోనూ ఒకే వోల్టేజి ఉంటుంది కనుక అది వెలగదు. ఆ రెండు చోట్ల మధ్య దారి తెగితే మాత్రం, కరెంటు బల్బు గుండా వెళ్లక తప్పదు కనుక వెలుగుతుంది. తెగిన చోటు మరెక్కడ ఉన్నా, అంటే ఎర్తులో (కరెంటు బాడీ గుండా బ్యాటరీకి తిరిగి వెళ్లే దారిలో) గానీ బ్యాటరీ లోపల గానీ ఉంటే, వెలగదు. నాలుగో రోజు రాత్రి పిఠాపురం దగ్గర కారు ఆగిపోయింది. చిమ్మచీకటి కారులో స్టీరింగు కింద ఆ ఒక్క బల్బు పసుప్పచ్చగా వెలిగింది. ఐదు నెలలుగా ఇంటిల్లిపాదినీ భయపెడుతున్న దాన్ని మొదటిసారి కళ్లతో చూసినట్టయింది. ఎర్తు తీగ, బ్యాటరీ, ఆల్టర్నేటరు, కీ స్విచ్చు అన్నీ ఆ ఒక్క వెలుగుతో నిర్దోషులయ్యాయి.

ఇక మిగిలింది మహా అయితే ఒకటిన్నర మీటర్ల దారి. అందులో ఎక్కడో తేల్చడానికి మల్టీమీటరు చాలు, కానీ దాన్ని వాడే తీరు ముఖ్యం. అంతకుముందు చూసిన ఎలక్ట్రీషియన్లంతా లోడు లేకుండా బ్యాటరీ మీద 12.6 వోల్టులు చూసి, తీగకు ఆ కొసా ఈ కొసా ఓమ్స్‌లో, అంటే తీగ అడ్డు ఎంతో కొలిచి చూసి బాగుందన్నారు. వారు చూసినది తప్పు కాదు, ఆ పరీక్షకు ఈ లోపం దొరకదు. ఓమ్స్ కొలిచేటప్పుడు మీటరు పంపే కరెంటు అతి స్వల్పం. పాతిక పోగుల తీగలో ఒక్క పోగు మిగిలినా మీటరుకు అది మంచి తీగే. హెడ్‌లైట్ల కరెంటు వచ్చిపడినప్పుడే మిగతా పోగులు లేని సంగతి బయటపడుతుంది. అందుకని దారిని లోడు మీద కొలవాలి. హెడ్‌లైట్లు, బ్లోయరు వేసి, ఇంజను నడుపుతూ, మీటరును డీసీ వోల్టుల్లో పెట్టి, దారిలోని ఒక్కొక్క ముక్కకు రెండు కొసలా సూదులు ఆనించి, ఆ ముక్కలో ఎంత వోల్టేజి పోతోందో చూడాలి. బాగున్న అతుకులో పోయేది వోల్టులో పదో వంతు కూడా ఉండదు.

సూదిని తీగ కొసన ఉండే క్లాంపు మీద కాక బ్యాటరీ సీసపు పోస్టు మీదే ఆనించాను, ఎందుకంటే లోపం ఆ రెంటి నడుమా ఉండవచ్చు. పోస్టు నుంచి క్లాంపుకు 0.02 వోల్టులు. క్లాంపు నుంచి మెయిన్ ఫ్యూజు దాకా 0.03. మెయిన్ ఫ్యూజు హోల్డరుకు ఇటూ అటూ పెడితే బండి చల్లగా ఉన్నప్పుడు 0.3 వచ్చింది. అలాగే వదిలి ఇరవై నిమిషాల తర్వాత చూస్తే 0.9కి చేరింది, ఇంకా పెరుగుతూనే ఉంది.

తక్కువ బీము బల్బులు రెండూ కలిపి 110 వాట్లు, బ్లోయరూ మిగతావీ కలుపుకుంటే ఆ హోల్డరు గుండా సుమారు 20 ఆంపియర్లు వెళుతున్నాయి. 20 ఆంపియర్లను 0.9 వోల్టులతో హెచ్చిస్తే 18 వాట్లు. మన రేడియో షాపుల్లో టంకం వేసే చిన్న ఐరన్ 25 వాట్లది. అంటే వేలిగోరంత చోట, గాలి ఆడని ప్లాస్టిక్ గూటిలో, దాదాపు ఒక టంకం కడ్డీ రాత్రల్లా వేడెక్కుతోందన్నమాట. వేడికి స్ప్రింగు పట్టు సడలుతుంది, సడలిన చోట చిలుము పడుతుంది, చిలుముతో వేడి ఇంకా పెరుగుతుంది. ఓమ్స్‌లో చెప్పాలంటే అది 0.045 మాత్రమే, మీటరు తీగల అడ్డే అంతకు ఎన్నో రెట్లు ఉంటుంది కనుక ఆ పరీక్షలో ఇది కనపడే ప్రసక్తే లేదు.

నెగెటివ్ క్లాంపు ముందుగా తీసేసి (పాజిటివ్ ముందు విప్పితే స్పానరు బాడీకి తగిలి నిప్పురవ్వలు లేస్తాయి) హోల్డరును విప్పాను. అది కారుతో వచ్చినది కాదు. మా కంటే ముందు యజమాని దగ్గర ఉన్నప్పుడు అసలు ఫ్యూజిబుల్ లింకు (మెయిన్ ఫ్యూజులా పనిచేసే తీగ ముక్క) కాలిపోతే ఎవరో బజారు హోల్డరు ఒకటి తెచ్చి, బ్యాటరీ ట్రే పక్కనే, యాసిడ్ ఆవిరి తగిలే చోట, తీగలు మెలిపెట్టి టేపు చుట్టారు. లోపల ఫ్యూజు చెక్కుచెదరలేదు. దాన్ని పట్టుకునే రెండు రెక్కల్లో ఒకటి నీలి నలుపు రంగుకు తిరిగింది, చుట్టూ ప్లాస్టిక్ కరిగి బెల్లప్పాకంలా జారి గట్టిపడింది. టేపు విప్పితే రాగి పోగులు ఆకుపచ్చ పొడిగా రాలాయి. బ్యాటరీ టెర్మినల్ కదిపినప్పుడల్లా కరెంటు ఎందుకు వచ్చేదో కూడా అప్పుడే అర్థమైంది: టెర్మినల్‌తో పాటు ఈ హోల్డరూ కదిలేది.

నల్లబడిన తీగను మెరుపు రాగి కనిపించేదాకా, అంటే సుమారు జానెడు, కోసేశాను. గట్టి రకం హోల్డరు, ఆరు స్క్వేరు (చదరపు మిల్లీమీటర్ల) తీగ, దాని కొసలకు సరైన పరికరంతో నొక్కిన లగ్గులు వాడి, దాన్ని ట్రేకు దూరంగా పైన బిగించాను. ఫ్యూజు విలువ మాత్రం మార్చలేదు. తరచూ పోతోందని పెద్ద ఫ్యూజు వేయమని సలహా ఇచ్చేవారు ఉంటారు. ఫ్యూజు ఉన్నది తీగను కాపాడడానికి, అది పెద్దదైతే కాలేది తీగే. సామాన్లన్నీ కలిపి నాలుగు వందల లోపు అయింది. అదే లోడు మీద అరగంట తర్వాత కొలిస్తే 0.05 వోల్టులు.

బల్బు తీయవద్దని మావయ్య అన్నారు, తీయలేదు. ఆ తర్వాత అమ్మను రెండుసార్లు రాత్రిపూటే అన్నవరం తీసుకెళ్లి వచ్చాను, అది వెలగలేదు. ఈ దసరాకు ఆయుధపూజ నాడు బానెట్టుకు పసుపు కుంకుమలు పెట్టాక, అదే హోల్డరు మీద మళ్లీ సూదులు ఆనించి పుస్తకంలో తేదీ వేసి రాశాను: 0.06.